ముద్ర పడిన ఆరు టేకు పలకలు

2011 సెప్టెంబరు చివరి వారం. తెలంగాణ కోసం ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటడం లేదు. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఉన్న ఐదో అంతస్తులో ఆ వారమంతా నేనొక్కదాన్నే. మేం పనిచేసేదే ముగ్గురం. ఒకాయన పరిస్థితి చక్కబడ్డాక వస్తానని గుంటూరు వెళ్ళిపోయాడు. ఇంకొకామె ప్రసవానికి సెలవులో ఉంది. మనిషి కదిలితేనే వెలిగే దీపాలు ఆ అంతస్తులో పెట్టారు. కంప్యూటరు ముందు కాసేపు కదలకుండా కూర్చుంటే ఆరిపోయేవి. చెయ్యి పైకెత్తి ఊపితే మళ్ళీ వెలిగేవి. ఎవరూ లేని గదిలో రోజుకు ఎన్నిసార్లు అలా చెయ్యి ఊపేదాన్నో లెక్కలేదు.

నా ఉద్యోగం ఏమిటో చెబితే ఇప్పటికీ చాలామందికి ఒక పట్టాన అర్థం కాదు. అడవిని పాడుచేయకుండా, నరికినచోట మళ్ళీ పెంచుతూ తీసుకున్న కలపకు ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్ర వేసుకునే అర్హత ఒక వ్యాపారికి ఉందో లేదో చూసి చెప్పే ఆడిటర్ని నేను. చెట్టు నరికిన తోట నుంచి మీ ఇంటి తలుపు దాకా ఆ కలప ఎన్ని చేతులు మారిందో, ప్రతి చేతి దగ్గరా రుజువు ఉండాలి. దీన్ని చెయిన్ ఆఫ్ కస్టడీ అంటాం. గొలుసులో ఒక్క లంకె తెగినా ముద్ర వేయకూడదు. కర్ణాటకలో ఫారెస్ట్రీ చదివేటప్పుడు అడవుల్లో తిరిగే ఉద్యోగం చేస్తాననుకున్నాను. తీరా చేసింది, గాజు గోడల భవనాల్లో ఆ అడవుల కాగితాలు చదవడం.

మాది అనంతపురం జిల్లా. చందానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆ రోజుల్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ విషయం ముందే చెప్పాలి. అయినా షేర్ ఆటోలో నోరు తెరవడానికి భయపడేదాన్ని. దిగవలసిన చోటు రాగానే మాట్లాడకుండా డ్రైవరు భుజం తట్టేదాన్ని. "యాడ దిగల్ల", "ఎంతియ్యల్ల" అంటే నా యాస బయటపడుతుందని. కూరగాయల కొట్లో వేలితో చూపించి కొనేదాన్ని. అలా రెండు వారాలు గడిచేసరికి, అమ్మ ఫోన్ చేసినప్పుడు తప్ప నా గొంతు నాకే వినపడేది కాదు. "ఒక్కదానివే ఆడ ఎందుకు పాపా, వచ్చేయి" అనేది అమ్మ. పని ఉందనేదాన్ని.

ఆ పని వీరాచారిది.

నానక్‌రామ్‌గూడలో పాత ఊరి అంచున, రెండు పెద్ద టవర్ల మధ్య, రేకుల షెడ్డులో ఆయన వడ్రంగి కార్ఖానా ఉండేది. పన్నెండు మంది పనివాళ్ళు. ఏడాది కిందటే మా సర్టిఫికెట్ తీసుకున్నాడు. అక్కడికి దగ్గర్లో కడుతున్న ఒక కంపెనీ క్యాంపస్‌లో, రిసెప్షన్ గోడంతా టేకు పలకలు పరిచే ఆర్డరు ఆయనకు వచ్చింది. ఆ భవనానికి పర్యావరణ గుర్తింపు రావాలంటే కలపకు ముద్ర ఉండి తీరాలి. పలకలు బిగించేలోపు నేను వెళ్ళి చూసి రావాలి. మొత్తం ఇరవై పలకలు.

వెళ్ళేసరికి షెడ్డు తలుపు మీద సుద్దతో 'జై తెలంగాణ' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపల నలుగురే పనిచేస్తున్నారు. మిగతావాళ్ళు ధర్నాకు పోయారట. వీరాచారికి అరవై దాకా ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చెవి మీద పెన్సిలు, ముంజేతుల నిండా రంపపు పొట్టు. నన్ను చూసి చేతులు తుడుచుకుని కుర్చీ జరిపాడు.

"కూసోండ్రి మేడం. చాయ్ తెప్పిస్త."

"వద్దండీ. ముందు పని చూద్దాం."

క్లయింటు దగ్గర ఏదీ తినకూడదు, తాగకూడదు అని మా ఆఫీసు కట్టుబాటు. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. నాకు అలవాటే.

కాంట్రాక్టరు తరఫున వచ్చిన కుర్ర ఇంజనీరు అప్పటికే అక్కడ ఉన్నాడు. భీమవరం మనిషి. "మేడం, ఈ వీక్ మాకు ఇన్‌స్టలేషన్ అండి. అన్నీ రెడీగా ఉన్నాయండి, మీరు సంతకం పెట్టేస్తే చాలు" అన్నాడు. నేను అడిగిన ప్రతిదానికీ వీరాచారి కంటే ముందు అతనే జవాబు చెబుతున్నాడు.

కాగితాలు పద్ధతిగా ఉన్నాయి. విదేశంలో ముద్ర ఉన్న టేకు తోట, అక్కడి నుంచి ఓడరేవు, అక్కడి నుంచి ఒక డీలరు. ఆ తర్వాత పలకల దగ్గరికి వెళ్ళాను. ఇరవైకీ వెనక వైపు ముద్ర ఉంది. మూలలో చిన్న బ్లేడుతో చెక్క అంచును నున్నగా చెక్కి, భూతద్దం పెట్టి చూడటం నా అలవాటు. నీళ్ళు కట్టి పెంచిన తోట టేకు తొందరగా లావెక్కుతుంది, అందుకే దాని వలయాలు చిటికెన వేలి గోరంత ఎడంగా ఉంటాయి. మొదటి పద్నాలుగు పలకలూ అలాగే ఉన్నాయి. పదిహేనో పలక దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. వలయాలు పుస్తకంలో కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఎంతో కాలం, ఎంతో నెమ్మదిగా అడవిలో పెరిగిన చెట్టు అది. రంగు కూడా తేనె దాటి చింతపండు వైపు పోయింది. పదహారూ అంతే. అలా ఆరు పలకలు. ఒక దాని వెనక చిన్న నల్లటి గుండ్రటి మచ్చ కనిపించింది. చెట్టుకుండే ముడి అనుకుని ముందుకు జరిగాను.

"ఈ ఆరూ ఈ కాగితాల్లోని సరుకేనా?" అని అడిగాను.

ఇంజనీరు "అంతా ఒకే లోడండి" అన్నాడు.

"చారిగారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ ఆరు పలకల కాగితాలు ఏవి?"

ఆయన ఒకసారి ఇంజనీరు వైపు చూసి తల దించుకున్నాడు. "కాగితాలు అవ్వే మేడం. వేరే కాగితాలు లేవు."

"రేపు పొద్దున పదింటికి వస్తాను. అప్పటికి నాకు సమాధానం కావాలి."

బయటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నా మనసులో ఒక నిర్ణయానికి వచ్చేశాను. కాగితం లేని అడవి టేకు అంటే మా వృత్తిలో ఒకటే అర్థం. ఎక్కడో రక్షిత అడవిలో దొంగతనంగా కొట్టి, లారీ అడుగున దాచి తెచ్చింది.

షేర్ ఆటో గచ్చిబౌలి కూడలి దాకా వచ్చి ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నిరసనగా జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించుకుని తింటున్నారు. డప్పులు మోగుతున్నాయి. పిల్లలు, ఆడవాళ్ళు, ఆఫీసు ట్యాగులు మెడలో వేసుకున్న కుర్రాళ్ళు, అందరూ బంతుల్లో కూర్చున్నారు. అంతమంది ఒకచోట నవ్వుతూ ఉండటం చూసి చాలా రోజులైంది. సంచి గుండెలకు హత్తుకుని ఒక పక్కన నిలబడ్డాను. ఒక పెద్దామె గరిట పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, గంత ఎండల నిలబడ్డవు? రా, ఇంత తిని పో."

వద్దని చెప్పాలంటే మాట్లాడాలి. తల ఊపి కూర్చున్నాను. విస్తరిలో వేడి అన్నం, పప్పుచారు పడ్డాయి. ఆకలి మీద ఉన్నానని అప్పుడు తెలిసింది. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు. వీరాచారి.

"మీరు గూడ ఈడనే ఉన్నరా మేడం? మంచిగ తినుండ్రి" అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన మొహంలో లేని వెలుగు ఇప్పుడుంది. తన వాళ్ళ మధ్య ఉన్న మనిషి. తన విస్తరిలో అన్నం కలుపుతూ, గొంతు తగ్గించి, "మేడం, జర ఒక మాట అడగాలె. ఆ ఆరు పలకల సంగతి..." అన్నాడు.

నేను చుట్టూ చూశాను. ఎదురుగా కూర్చున్న ఇద్దరు మా వైపే చూస్తున్నట్టనిపించింది. "ఆడిట్ విషయాలు ఇక్కడ వద్దండీ. ఏదున్నా రేపు మీటింగులో చెప్పండి" అన్నాను, పెదవులు కదిలీ కదలకుండా.

"ఒక్కటే మాట మేడం..."

"రూల్స్ ఒప్పుకోవు."

ఆయన చెయ్యి విస్తరిలోనే ఆగింది. "సరే మేడం. మీరు తినుండ్రి" అని లేచి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. మళ్ళీ నా వైపు రాలేదు.

ఆడిట్ జరిగే రోజుల్లో క్లయింటుతో బయట ఆ సంగతులు మాట్లాడకూడదనే నియమం నిజంగానే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు. అయితే ఆ నిమిషంలో నేను తలుచుకున్నది నియమాన్ని కాదు. నాలుగు మాటలు మాట్లాడితే నేనెక్కడి దాన్నో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలిసిపోతుందని భయపడ్డాను. తెలిస్తే ఏమవుతుందో కూడా నాకు తెలియదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ పెద్దామె ఇంకో గరిట అన్నం వేసి ఉండేదేమో.

మర్నాడు క్లోజింగ్ మీటింగ్. ఆడిట్‌లో ఏం కనిపించిందో క్లయింటుకు చదివి వినిపించి సంతకం తీసుకునే సమావేశం అది. ఇంజనీరు కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. వీరాచారి నిలబడే ఉన్నాడు.

"చారిగారూ, ఆ ఆరింటి గురించి ఏమైనా చెబుతారా?"

"తప్పే మేడం. ముద్ర కొట్టుడు తప్పే. రాసుకోండ్రి."

మేజర్ నాన్‌కన్‌ఫార్మిటీ రాశాను. సర్టిఫికెట్‌ను వెంటనే నిలిపివేయాల్సినంత పెద్ద తప్పు అని దాని అర్థం. దాని కింద నా చేత్తో ఇంకో వాక్యం కూడా రాశాను: 'మూలం తెలియని సహజ అడవి టేకు, అక్రమంగా నరికినది కావచ్చు.' ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. ఇంజనీరు మాత్రం చదివాడు. అతని మొహం పాలిపోయింది.

వారం తిరక్కముందే సర్టిఫికెట్ ఆగిపోయింది. కాంట్రాక్టరు ఇరవై పలకలూ వెనక్కి పంపించి ఆర్డరు వేరేవాళ్ళకు ఇచ్చాడు. ఆ వార్తలన్నీ నాకు మెయిల్‌లో వచ్చాయి. దీపాలు ఆరిపోతే చెయ్యి ఊపి చదువుకున్నాను. క్లయింటు సంగతులు ఎవరికీ చెప్పకూడదు. చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు కూడా. నా పని నేను సరిగ్గా చేశానని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక, నవంబరులో మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. సర్టిఫికెట్ నిలిపేసిన చోట ముద్ర అచ్చులు వెనక్కి తీసుకోవాలి. షెడ్డులో ముగ్గురే ఉన్నారు, అపార్ట్‌మెంట్‌కు మంచాలు చేస్తున్నారు. వీరాచారి అచ్చులు కాగితంలో చుట్టి సిద్ధంగా పెట్టాడు. నా చేతికిచ్చి, "మీతాన ఇంకో పది నిమిషాలు టైం ఉంటదా?" అని అడిగాడు.

షెడ్డు వెనక తాళం వేసిన ఇంకో గది ఉంది. ఆడిట్ రోజున అది పనిముట్ల గది అన్నారు, నేను తెరవమనలేదు. ఇప్పుడు ఆయన తలుపు తీశాడు. లోపల పైకప్పు దాకా పాత కలప. దర్వాజలు, దూలాలు, వాసాలు, చిలుకలు చెక్కిన స్తంభాలు. కొన్నిటికి పసుపు మరకలు ఇంకా ఉన్నాయి.

"ఈ ఊళ్ళ పాత ఇండ్ల దర్వాజలు సగం మా తాత చేసినయే మేడం. మిగిలినయి మా నాయన చేసిండు. టవర్లు వస్తున్నయని ఒక్కొక్క ఇల్లు కూలగొడుతుంటే, ఈటిని కట్టెల అడితికి పంపుతుండ్రు. నాకు పాణం ఒప్పలే. బతిమాలి తెచ్చుకున్న. పదేండ్ల సంది తెస్తున్న."

ఒక దూలం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక చివర కొత్తగా కోసిన గుర్తు ఉంది. అడగకుండానే భూతద్దం తీసి చూశాను. కాగితాల్లాంటి వలయాలు. పక్కనే మేకు పీకిన రంధ్రం, దాని చుట్టూ ఇనుము దిగి నల్లబడిన చెక్క. ఆ రోజు నేను ముడి అనుకున్న మచ్చ ఇదే. రంపపు పొట్టు, జిగురు కలిపి పూడ్చిన మేకు రంధ్రం.

"బందులకు మా లోడు రోడ్డు మీదనే ఆగిపాయె. ఆరు పలకలకు కట్టె తక్కువ వడ్డది. వారంల ఇయ్యకుంటే ఆర్డరు క్యాన్సల్ అన్నరు. గీ దూలాన్ని కోసి, రంద పట్టి పలకలు చేసిన. దొంగ కట్టె కాదు మేడం ఇది. కానీ ముద్ర కొట్టిన సూడు, అది తప్పు. అది నేను ఒప్పుకున్న."

అక్కడే ఒక దూలం మీద కూర్చున్నాను. మా నియమాల్లో రీక్లెయిమ్డ్ వుడ్ అని ఒక తరగతి ఉంది. కూల్చిన ఇళ్ళ నుంచి తీసిన పాత కలప అది. ఏ ఇంటిది, ఎప్పుడు కూల్చారు అని రుజువు చూపించి, ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే ఆ కలపకూ ముద్ర వేసుకోవచ్చు. ఒక కొత్త చెట్టు కూడా నరకలేదు కాబట్టి ఆ భవనం వాళ్ళు ఇంకా సంతోషించేవాళ్ళు. ఈ మాట ఆయనకు చెప్పాను.

"గిట్ల గూడ ఉంటదా?" అన్నాడు. దూలం కోసిన చివర మీద చెయ్యి వేశాడు. "మరి గప్పుడు చెప్పకపోతిరి?"

"మేము సలహాలు ఇవ్వకూడదండీ. తప్పు ఏమిటో చెప్పాలి కానీ, దిద్దుకునే దారి చూపించకూడదు. ఎవరైనా అడిగితే మాత్రం, నియమం ఏముందో చదివి చెప్పొచ్చు."

"అడుగుదామనే గదా బిడ్డా, ఆ పొద్దు రోడ్డు మీద నీ పక్కన కూసున్నది."

ఆ మాటలో కోపం లేదు. 'మేడం' పోయి 'బిడ్డా' వచ్చిందని నేను గమనించాను, ఆయన గమనించలేదనుకుంటాను.

"మీటింగులోనైనా చెప్పి ఉండాల్సింది కదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏం చెప్తుంటి? ఆ ఇంజనీరు పిలగాని ముంగట చెప్తే, వాని నౌకరి పోతుండె. వానికి ఎరుకే ఇది పాత కట్టె అని. అయినా మీరు కాగితం ఏదని అడిగిండ్రు గాని, ఈ కట్టె ఎక్కడిదని ఒక్కపారి గూడ అడగలే. నేననుకున్న, ఆంధ్రామె, మన మాట ఇనదు అని. తప్పు నాది గూడ ఉన్నది."

నేను ఆంధ్రామెను కాదు, సీమదాన్ని అనబోయి ఊరుకున్నాను. ఎవరికి తోచిన భయం వాళ్ళం పడ్డాం. నేను ఆయన్ని చూసి, ఆయన నన్ను చూసి.

అప్పుడు చెప్పాడు, కొంచెం తటపటాయిస్తూ, అసలు మాట. నా రిపోర్టు కాంట్రాక్టరు చేతుల్లోంచి ఎవరెవరికో పోయింది. దొంగ టేకు ఉందని ఎవరో చెబితే అటవీశాఖ వాళ్ళు వచ్చి గది అంతా తిరగేశారు. మేకు రంధ్రాలు చూసి, పాత కలపే అని రాసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు మర్యాదగానే ప్రవర్తించారట. అయితే జీపు వచ్చి ఆగడం ఊరంతా చూసింది. "మా నాయన పేరు మీద ఎన్నడు జీపు రాలే" అన్నాడు. తొమ్మిది మంది పనివాళ్ళు వేరే చోట్లకు వెళ్ళిపోయారు.

ఆఫీసుకు వచ్చి ఆ రోజే పైవాళ్ళకు రాశాను. 'అక్రమంగా నరికినది కావచ్చు' అన్న వాక్యానికి నా దగ్గర ఆధారం లేదని, అది నా ఊహ అని, కొట్టివేయమని. రెండు వారాల తర్వాత కొట్టివేశారు. తప్పుడు ముద్ర మాత్రం తప్పుడు ముద్రే కాబట్టి సర్టిఫికెట్ తిరిగి రాలేదు. అది న్యాయమే, నేనూ వాదించలేదు. సవరించిన రిపోర్టు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. రీక్లెయిమ్డ్ వుడ్ నియమాల పుస్తకం కూడా ఇచ్చాను. అది అందరికీ దొరికే పుస్తకమే, ఇవ్వడానికి అడ్డు లేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటారా అని అడిగాను.

"ఇగ వద్దు బిడ్డా. మంచాలు చాలు నాకు" అన్నాడు. చాయ్ తెప్పించాడు. అప్పటికి ఆయన మా క్లయింటు కాదు కాబట్టి తాగాను. ఇద్దరం ఆ పాత దర్వాజల మధ్య కూర్చుని, ఎవరింటిది ఏదో ఆయన చెబుతుంటే విన్నాను. వినడం పూర్తయ్యేసరికి నా బస్సు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పని చేశాను. ఎన్నో షెడ్లు, ఎన్నో తోటలు. కొందరు నిజంగానే దొంగ కలప అమ్మేవాళ్ళు దొరికారు, వాళ్ళ మీద రాయడానికి వెనకాడలేదు. అయితే ఎక్కడికి వెళ్ళినా కాగితం చూడకముందే "ఈ చెక్క ఎక్కడిదో చెప్పండి" అని అడుగుతాను. అడిగి ఊరుకుంటాను. పక్కన ఇంకెవరైనా ఉంటే కాసేపు బయటికి వెళ్ళమంటాను. చాలామంది వెంటనే చెప్పరు. ఈవిడ ఎవరు, ఎక్కడిది, చెబితే అర్థమవుతుందా అని నా మొహం చూస్తారు. నేను మా ఊరి యాసలోనే మాట్లాడతాను, దాచుకోను. వాళ్ళు నోరు విప్పేదాకా కూర్చోవడం కూడా ఆడిట్‌లో భాగమే అని కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటాను.

ఇది ఎవరు నేర్పారని వాళ్ళు అడుగుతారు. నానక్‌రామ్‌గూడలో ఒకాయన అంటాను. పాఠం నేర్చుకున్నది నేను, పని పోయింది మాత్రం ఆయనది.